పై అంతస్తు ఏసీ మార్చాలి: మూడు కొటేషన్లలో దేనికి సంతకం పెట్టాలి?

ప్రశ్న: నమస్కారం అండీ. మేము నార్త్ కరోలినాలోని కేరీలో ఉంటాం. 2011లో కట్టిన రెండంతస్తుల ఇల్లు. పై అంతస్తు 1,300 చదరపు అడుగులు, నాలుగు బెడ్‌రూములు. దానికి విడిగా రెండున్నర టన్నుల హీట్ పంప్ (వేసవిలో చల్లదనం, చలికాలంలో వేడి ఇచ్చే ఏసీ) ఉంది, గాలిని గదుల్లోకి ఊదే లోపలి పెట్టె, అంటే ఎయిర్ హ్యాండ్లర్, ఆటిక్‌లో (పైకప్పు కింది అటకలో) ఉంది. రెండూ ఇల్లు కట్టినప్పటివే. పోయిన ఆగస్టులో మా పాప గది సీలింగ్ మీద పళ్లెమంత గోధుమరంగు మరక పడింది. మా బెడ్‌రూమ్ ఎప్పుడూ చల్లబడదు. ముగ్గురిని పిలిచాం. మొదటాయన పది నిమిషాలు చూసి, మూడున్నర టన్నులు, 15 కిలోవాట్ల హీట్ స్ట్రిప్స్ (చలికాలంలో అదనపు వేడినిచ్చే కరెంటు కాయిళ్లు) పెట్టించుకోండి, రెండు వేల డాలర్ల టాక్స్ క్రెడిట్ కూడా వస్తుంది అన్నారు. రెండో ఆయన లోపలిది ఒక్కటే మారుస్తాను, పర్మిట్ అక్కర్లేదు అన్నారు. ఆయనది బాగా చవక. మూడో ఆయన గంటన్నర ఉండి కిటికీలు కొలిచి, మళ్లీ రెండున్నర టన్నులే చాలు, కానీ గదుల గాలి మెషీన్‌కి వెనక్కి వెళ్లే రిటర్న్ ఇంకోటి పెట్టాలి, నీళ్లు పోయే డ్రెయిన్ కొత్తగా వేయాలి అన్నారు. చిన్న మెషీన్ చెప్పి అందరికన్నా ఎక్కువ అడుగుతున్నారు. మా కజిన్ ఏమో ఆన్‌లైన్‌లో బాక్స్ తెప్పించి మనమే బిగించేద్దాం అంటున్నాడు. ఏసీల్లో ఇప్పుడు వాడే కొత్త గ్యాస్‌కి మంట అంటుకుంటుందని కూడా విన్నాను. మే నెలలో మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటుంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కేరీ

సమాధానం:

అమ్మా, మీ ముగ్గురిలో మూడో ఆయన ఒక్కరే మీ ఇంటిని చూశారు. మిగతా ఇద్దరూ మెషీన్‌ని చూసి వెళ్లిపోయారు. నేను పాతికేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ఆ గంటన్నర చూసే నా మనసు ఆయన వైపు మొగ్గింది. అయితే సంతకం పెట్టే ముందు ఆయన దగ్గర రాయించుకోవలసినవి కొన్ని ఉన్నాయి, అవి మధ్యలో చెప్తాను.

ముందు టన్నుల సంగతి. ఒక టన్ను అంటే గంటకి 12,000 బీటీయూల (వేడిని కొలిచే యూనిట్లు) వేడిని బయటికి తోసేసే శక్తి. ఒక టన్ను మంచుగడ్డ ఇరవై నాలుగు గంటల్లో కరుగుతూ లాక్కునే వేడి లెక్కలోంచి ఆ పేరు వచ్చింది. మనవాళ్లలో చాలామంది ‘ఎక్కువుంటే నష్టమేముంది, తొందరగా చల్లబడుతుంది కదా’ అనుకుంటారు. తొందరగా చల్లబడటమే అక్కడ చిక్కు. మీ ఊళ్లో జూలైలో ఎండతో పాటు తేమ ఉంటుంది. గాలిలోని తేమ, మెషీన్ లోపల చల్లటి గొట్టాల చుట్ట అయిన కాయిల్ మీద నీరుగా మారి, కారి, డ్రెయిన్‌లోకి పోవాలంటే మెషీన్ ఆగకుండా చాలాసేపు నడవాలి. మూడున్నర టన్నులది ఏడెనిమిది నిమిషాల్లో 75 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తెచ్చేసి ఆగిపోతుంది. కాయిల్ మీది తడి అక్కడే ఉండిపోతుంది. అప్పుడు థర్మోస్టాట్‌లో 75 కనిపిస్తుంది, ఒంటికి మాత్రం ఉక్కపోత. తెనాలి నుంచి వచ్చే అమ్మగారికి ఉక్కపోత అంటే ఏంటో మనం చెప్పక్కర్లేదు.

ఇంకొకటి, పెద్ద మెషీన్‌కి పెద్ద డక్టులు, అంటే గాలి గొట్టాలు, కావాలి. టన్నుకి నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి కదలాలని ఈ పనిలో ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన మీ డక్టులు వెయ్యి ఘనపుటడుగుల కోసం వేసినవి. వాటిలోంచి 1,400 తోయమంటే శబ్దం పెరుగుతుంది, గాలిని తోసే ఫ్యాన్, అంటే బ్లోయర్, మోటారు మీద భారం పడుతుంది, గదికి అందే గాలి మాత్రం అనుకున్నంత పెరగదు. మీ బెడ్‌రూమ్ చల్లబడకపోవడానికి టన్నులు తక్కువై ఉంటాయని నాకు అనిపించడం లేదు. అక్కడికి గాలి చేరడం లేదు, లేదా చేరిన గాలి వెనక్కి రావడానికి దారి లేదు.

ఇది మీరే చూసుకోవచ్చు. బ్లోయర్ నడుస్తున్నప్పుడు బెడ్‌రూమ్ తలుపు పూర్తిగా మూసి, తలుపు కింది సందు దగ్గర ఒక టిష్యూ పేపర్ పట్టుకోండి. అది గట్టిగా బయటి వైపుకి రెపరెపలాడితే, గదిలోకి వచ్చిన గాలి బయటపడటానికి ఆ సందు తప్ప దారి లేదని అర్థం. ఇలాంటి ఇళ్లలో పై అంతస్తు మొత్తానికి హాల్లో ఒక్క రిటర్న్ గ్రిల్ పెట్టి వదిలేయడం మామూలే. రాత్రి నాలుగు గదుల తలుపులూ మూసుకుంటే పాపం ఆ మెషీన్ ఊపిరాడక అవస్థపడుతుంది. మూడో ఆయన రెండో రిటర్న్ పెట్టాలన్నది ఇందుకే. ఆయన ఎక్కువ అడిగిన డబ్బులో కొంత ఇక్కడికి పోతోంది.

ఆయన కిటికీలు కొలిచింది మాన్యువల్ జె అనే లెక్క కోసం అయ్యుంటుంది. ఇక్కడి ఏసీ కాంట్రాక్టర్ల సంఘం ఏసీసీఏ రూపొందించిన పద్ధతి అది. గోడలు, కిటికీలు ఏ దిక్కుకి ఉన్నాయి, ఆటిక్‌లో ఇన్సులేషన్ ఎంత మందం, ఇంట్లో ఎంతమంది, గాలి ఎక్కడ కారుతోంది, అన్నీ వేసి ఏ గదికి ఎన్ని బీటీయూలు కావాలో తేలుస్తారు. ఆ లెక్క కాగితం మీకు ఇమ్మని అడగండి. లెక్క నిజంగా వేసినవాళ్లు ఇవ్వడానికి వెనకాడరు. అందులో మీ కిటికీల సంఖ్య సరిగ్గా ఉందో లేదో ఒకసారి మీరే సరిచూసుకోండి.

ఇప్పుడు ఆ మరక. నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడేది దానికే.

మా మొదటి ఇంట్లో ఇలాగే జరిగింది. ఆటిక్‌లో కొత్త ఎయిర్ హ్యాండ్లర్ పెట్టించి ఒక్క వేసవి గడిచింది. రెండో వేసవిలో ఒక ఆదివారం పొద్దున మా అత్తగారు పడుకునే గదిలోకి వెళ్తే, సీలింగ్ డ్రైవాల్ మంచం మీదుగా పొట్టలా ఉబ్బి కిందికి వేలాడుతోంది. ఆవిడ అప్పటికే లేచి వంటింట్లో ఉన్నారు, అదే మా అదృష్టం. మేం చూస్తుండగానే అది విరిగి, తడిసిన ఇన్సులేషన్‌తో సహా దిండు మీద పడింది. పైకెక్కి చూస్తే డ్రెయిన్ పైపు నాచు పట్టి మూసుకుపోయి ఉంది. కింద నీళ్లు పట్టడానికి ఉండాల్సిన పళ్లెం, అంటే పాన్, ఉంది, దాని పైపు బయటికి పోయే చోట మట్టి కందిరీగ గూడు కట్టింది. నీళ్లు చేరితే మెషీన్‌ని ఆపేసేందుకు పాన్‌లో ఉండాల్సిన ఫ్లోట్ స్విచ్ మాత్రం లేదు. బిగించినవాళ్లు పెట్టలేదు, నేను అడగలేదు. ఈ పనిలో ఉండి కూడా నా ఇంటి విషయంలో చూసుకోలేదు. అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్లినా ముందు చూసేది డ్రెయినే.

ఉక్కరోజుల్లో ఈ మెషీన్ రోజుకి బకెట్ల కొద్దీ నీరు తీస్తుంది. అదంతా మీ పాప మంచానికి సరిగ్గా పైన జరుగుతోంది. అందుకే డ్రెయిన్ గురించి కాస్త వివరంగా చెప్తాను, విసుక్కోకండి.

మీ రకం ఎయిర్ హ్యాండ్లర్‌లో బ్లోయర్ గాలిని కాయిల్ గుండా లాగుతుంది. అంటే కాయిల్ ఉన్న పెట్టెలో లోపలికి పీల్చే ఒత్తిడి ఉంటుంది. డ్రెయిన్ పైపుకి నీళ్లు నిలిచే యూ ఆకారపు ట్రాప్ లేకపోతే, ఆ పైపులోంచి గాలి లోపలికి వస్తూ నీటిని బయటికి పోనివ్వదు. పైపు దగ్గర చెవి పెడితే గుటగుటమని శబ్దం వినిపిస్తుంది. బ్లోయర్ ఆగాక ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా పోతాయి, లేదా పెట్టె అంచు దాటి కారతాయి. ట్రాప్ లోతు కంపెనీ పుస్తకంలో చెప్పినట్టే ఉండాలి. పైపు వాలు అడుగుకి కనీసం అంగుళంలో ఎనిమిదో వంతు ఉండాలి, మధ్యలో కుంగి పొట్టపడకుండా పట్టీలు వేయాలి. మీది ఆటిక్‌లో అడ్డంగా పడుకోబెట్టే మెషీన్ కాబట్టి, కాయిల్ కింది పాన్ ఆ విధానానికి తగ్గట్టు అమర్చారో లేదో చూడాలి. నిలబెట్టే అమరికలో వచ్చిన బాక్స్‌ని అలాగే అడ్డం తిప్పి బిగించేస్తే మొదటి రోజు నుంచే నీళ్లు కారతాయి.

ఆ మెషీన్ మొత్తం కింద ఇంకో పెద్ద పాన్ ఉండాలి, అందులో ఫ్లోట్ స్విచ్ ఉండాలి. నీళ్లు చేరగానే స్విచ్ పైకి తేలి మెషీన్‌ని ఆపేస్తుంది. పని అయ్యాక, డబ్బులు ఇవ్వక ముందు, ఒక చెంబు నీళ్లు ఆ పాన్‌లో పోయించండి. మీ కళ్ల ముందే మెషీన్ ఆగాలి. ఆ పాన్‌కి డ్రెయిన్ ఉంటే దాని చివర ఏ కిటికీ పైనో, అందరికీ కనపడే చోట పెడతారు. ఆ పైపులోంచి చుక్కలు పడుతుంటే ఏసీ అన్నాక నీళ్లు పడతాయిలే అని ఊరుకోకండి. అసలు డ్రెయిన్ మూసుకుపోయిందని ఇల్లు మీకు చెబుతోంది. ఈ మాట మన ఇళ్లల్లో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

ఈ లోపల ఆ మరక మీద రంగు వేయించకండి. కొత్త మెషీన్ పెట్టేదాకా పాప మంచం పక్కకి జరపండి. ఆటిక్‌లో చెక్క తడిసిందా, బూజు పట్టిందా అని మూడో ఆయన్ని ఫోటోలు తీసి చూపించమనండి.

రెండో ఆయన చవక బేరం విషయం. లోపలిది ఒక్కటే మార్చడం చేయలేని పనేమీ కాదు, కానీ మీ బయటి యూనిట్‌కి కూడా పదిహేనేళ్లు. అది ఆర్-410ఎ గ్యాస్‌తో నడిచే రకం. 2025 జనవరి 1 నుంచి ఇళ్ల కోసం తయారయ్యే కొత్త సిస్టమ్‌లలో ఆ గ్యాస్ వాడకూడదని ఫెడరల్ నిబంధన వచ్చింది. ఇప్పుడు వచ్చేవి ఎక్కువగా ఆర్-454బి లేదా ఆర్-32. ఒక గ్యాస్ కోసం చేసిన మెషీన్‌లో ఇంకోటి నింపకూడదు. ఈరోజు పాత గ్యాస్‌కి సరిపడే లోపలి యూనిట్ పెట్టించుకుని, రెండేళ్లకి బయటిది పోతే అప్పుడు రెండూ మార్చాలి. లోపలిదీ బయటిదీ ఒక జతగా పరీక్షించి ఏహెచ్‌ఆర్‌ఐ అనే సంస్థ సర్టిఫికెట్ ఇస్తుంది. కొటేషన్ మీద ఆ నంబరు రాయించుకోండి. అమ్మేవాళ్లు చెప్పే సీర్2 (కరెంటు పొదుపు) రేటింగ్ ఆ జతకి వర్తించేదే, విడి బాక్స్‌కి కాదు.

పర్మిట్ అక్కర్లేదు అన్నారంటే అక్కడితో ఆయన మాట పక్కన పెట్టేయవచ్చు. మీ రాష్ట్రంలో ఈ మార్పిడికి పర్మిట్ తీసుకోవాలి, పని అయ్యాక ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాలి. మీ దగ్గర ఇలాంటి పనికి 15 టన్నుల లోపు సిస్టమ్‌లకిచ్చే హెచ్-3 లైసెన్సు ఉంటుంది, దాన్ని రాష్ట్ర బోర్డు వెబ్‌సైట్‌లో వెతకవచ్చు. ముగ్గురి పేర్లూ వెతకండి. రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల ఇన్‌స్పెక్టర్ మొదట అడిగే వాటిలో ఈ పర్మిట్ ఒకటి.

మొదటాయన చెప్పిన టాక్స్ క్రెడిట్ ఇప్పుడు లేదమ్మా. ఆ రెండు వేల డాలర్ల ఫెడరల్ క్రెడిట్ 2025 డిసెంబర్ 31 లోపు బిగించినవాటితో ముగిసిపోయింది. కరెంటు కంపెనీ రిబేటు, ఆదాయాన్ని బట్టి రాష్ట్రం ఇచ్చే సాయం మీకు వర్తిస్తాయేమో విడిగా కనుక్కోండి. రాని క్రెడిట్‌ని ధరలో తగ్గించి చూపించిన కొటేషన్‌ని మాత్రం నమ్మకండి.

ఆయన 15 కిలోవాట్ల స్ట్రిప్స్ గురించి కూడా ఒక మాట. హీట్ పంప్ చలికాలంలో బయటి గాలిలోని వేడిని లోపలికి తెస్తుంది, కాబట్టి మామూలు చలిలో ఒక యూనిట్ కరెంటుకి రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. స్ట్రిప్స్ అంటే గీజర్‌లో కాయిల్ లాంటివి, ఒక యూనిట్‌కి ఒక యూనిటే. బయట గడ్డకట్టే చలి ఉన్న రాత్రుల్లో, బయటి యూనిట్ మీది మంచు కరిగించే వేళల్లో అవి తోడు రావాలి. 15 కిలోవాట్లంటే 51,000 బీటీయూలు, 240 వోల్టుల మీద 62 ఆంపియర్ల పైనే లాగుతాయి. ఇప్పుడున్నవి చిన్న స్ట్రిప్స్ అయితే ప్యానెల్ నుంచి కొత్త వైరు, కొత్త బ్రేకర్ కావాలి. 1,300 చదరపు అడుగులకి అంత అవసరమా అన్నది ఆ మాన్యువల్ జె కాగితమే చెబుతుంది. నా అంచనా, 5 కిలోవాట్లో, మహా అయితే అంతకి పై సైజో సరిపోతుంది. ఏది పెట్టినా దానికి సరిపడే వైరు, బ్రేకర్ ఉన్నాయని రాతపూర్వకంగా అడగండి.

కొత్త గ్యాస్‌కి మంట అంటుకుంటుందన్నది పూర్తిగా అబద్ధం కాదు, అందుకే మీ భయాన్ని నేను కొట్టిపారేయను. ఆర్-454బి, ఆర్-32 రెండూ ఏ2ఎల్ అనే వర్గంలోవి. మంట అంటుకునే గుణం స్వల్పంగా ఉంటుంది. వంటగ్యాస్‌తో దీన్ని పోల్చలేం, అంటుకోవడం చాలా కష్టం, అంటుకున్నా మంట నెమ్మదిగా పాకుతుంది. మీ సైజు ఎయిర్ హ్యాండ్లర్లలో లీకు పసిగట్టే సెన్సర్ ఉంటుంది. లీకు తగిలితే కంప్రెసర్‌ని ఆపి, బ్లోయర్‌ని నడిపి, ఆ గ్యాస్ ఒకచోట పేరుకోకుండా చెదరగొడుతుంది. ఎప్పుడైనా ఎవరైనా రిపేరుకి వచ్చి, ఆ సెన్సర్ ఊరికే ట్రిప్ అవుతోంది, తీసేస్తాను అంటే ఒప్పుకోకండి.

మీ కజిన్‌కి నా మాటగా చెప్పండి: ఉత్సాహం మంచిదే, ఈ పనికి మాత్రం వద్దు. ఏసీ గ్యాస్ లైన్లు తెరవడానికి ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏ సెక్షన్ 608 సర్టిఫికెట్ కావాలి. రాగి పైపులు అతికేటప్పుడు లోపల నైట్రోజన్ సన్నగా పారించాలి, లేకపోతే లోపల నల్లటి పొక్కు కట్టి తర్వాత వాల్వులో ఇరుక్కుంటుంది. అతికాక నైట్రోజన్‌తో ఒత్తిడి పెట్టి లీకు చూడాలి. తర్వాత వాక్యూమ్ పంపుతో 500 మైక్రాన్ల (వాక్యూమ్ లోతుని కొలిచే అంకె) కిందికి లాగి, పంపు ఆపాక ఆ అంకె మళ్లీ పైకి పాకకుండా నిలుస్తుందో లేదో చూడాలి. ఇంట్లో ఉన్న సామానుతో అయ్యే పని కాదు. పైగా లైసెన్సు ఉన్నవాళ్లు బిగించకపోతే వారంటీ ఇవ్వని కంపెనీలు ఎన్నో. అతన్ని ఇంకో మంచి పనికి పిలవండి: ఆటిక్ మెట్ల నుంచి మెషీన్ దాకా ఉన్న సూట్‌కేసులు, బొమ్మల కొలువు డబ్బాలు పక్కకి తీసి దారి చేయమనండి. అక్కడ నడవడానికి 24 అంగుళాల వెడల్పు గట్టి చెక్క దారి, మెషీన్ ముందు 30 అంగుళాల చదరపు చోటు, ఒక లైటు, ఒక ప్లగ్ ఉండాలని కోడ్ చెబుతుంది.

మూడో ఆయన దగ్గర రాయించుకోవాల్సిన ఇంకో అంకె స్టాటిక్ ప్రెషర్. డక్టులోకి గాలి తోయడానికి బ్లోయర్ ఎంత కష్టపడుతోందో చెప్పే కొలత అది, మనకి బీపీ లాంటిది. మెషీన్‌కి ముందూ వెనకా రెండు చిన్న రంధ్రాలు చేసి, సన్నని గొట్టాలు పెట్టి చిన్న మీటరుతో చూస్తారు, పది నిమిషాల పని. ఈ ఒత్తిడిని నీటి మట్టం అంగుళాల్లో కొలుస్తారు, చాలా మెషీన్లకి 0.5 అంగుళాల దగ్గర ఉండాలి. నేను వెళ్లిన ఇళ్లల్లో 0.9 చూసిన సందర్భాలు బోలెడు. మెషీన్ కొత్తదే, డక్టులు పాతవి, ఫిల్టర్ దట్టమైనది. ఇప్పుడు ఎంత ఉంది, కొత్త రిటర్న్ పెట్టాక ఎంతకి దిగింది అని రెండు అంకెలూ బిల్లు మీద రాయమనండి. డక్టుల అతుకులకి గ్రే టేపు చుట్టి సరిపెట్టకుండా, మాస్టిక్ అనే గుజ్జు బ్రష్‌తో పూయించండి. ఆటిక్ వేడికి ఆ టేపు ఎండి ఊడిపోతుంది, చల్లగాలి డబ్బు పెట్టి ఆటిక్‌కి ఇచ్చినట్టవుతుంది.

అమ్మగారు వచ్చాక రెండు విషయాలు గుర్తుంచుకోండి. మన ఊళ్లో ఏ గదిలో ఉంటే ఆ గది ఏసీ వేసుకుంటాం కదా, ఆ అలవాటుతో ఖాళీగా ఉన్న గదుల్లో గాలి వచ్చే వెంట్లు మూసేస్తుంటారు. ఇక్కడ అలా మూస్తే మెషీన్ స్టాటిక్ ప్రెషర్ పెరిగిపోతుంది, వెంట్లన్నీ తెరిచే ఉంచండి. అలాగే బ్లోయర్‌ని ఆటోలోనే పెట్టండి. ఆన్‌లో వదిలేస్తే కాయిల్ మీది తడిని మళ్లీ గదుల్లోకి ఊదుతుంది. నవంబరులో చలి మొదలయ్యాక ఆవిడ వెంట్ దగ్గర చెయ్యి పెట్టి ‘ఇది చల్లగాలేనే’ అనవచ్చు. హీట్ పంప్ గాలి తరచుగా 90ల్లోనే ఉంటుంది, మన ఒంటి వేడి 98 కాబట్టి చేతికి చల్లగా తగులుతుంది. గది వెచ్చబడుతోందా లేదా అన్నది థర్మోస్టాట్‌లో చూపించండి. రాత్రి బాగా తగ్గించి పొద్దున్నే ఒకేసారి ఎనిమిది డిగ్రీలు పెంచితే స్ట్రిప్స్ వెలుగుతాయి, బిల్లు మండిపోతుంది. ఒకే చోట ఉంచడం మేలు.

పనికి ఏప్రిల్ లోపే రోజు ఖరారు చేసుకోండి. జూన్ వచ్చిందంటే ఆ ఆటిక్‌లో 130 డిగ్రీలు దాటుతుంది. అందులో పాకుతూ పనిచేసే మనుషులు అతుకు అతుకుకీ గుజ్జు పూస్తారని, గంటసేపు వాక్యూమ్ చూస్తూ కూర్చుంటారని ఆశించడం న్యాయం కాదు. చల్లటి పొద్దున వాళ్లకి కాఫీ ఇచ్చి పైకి పంపండి. దిగి వచ్చాక ఆ చెంబు నీళ్ల పరీక్ష మర్చిపోకండి.